తలుపు వైపు వరస

సువార్త చనిపోయిన రోజున ఆమె చెల్లెలు ఎస్తేరు శిక్షణలో ఉంది. హాల్లోకి వెళ్ళే ముందే అందరి ఫోన్లూ ఒక ప్లాస్టిక్ బుట్టలో వేయించుకున్నారు. శిక్షణ శ్రద్ధ మీద కాబట్టి ఎవరి శ్రద్ధా చెదరకూడదని నిబంధన. ఆ బుట్టలో ఎస్తేరు ఫోను పొద్దుటినుంచీ మోగి మోగి ఆగిపోయింది. ఆసుపత్రి నుంచి బావ యాకోబు చేస్తూనే ఉన్నాడు.

హాల్లో ప్రొజెక్టరు ఒకసారి మొరాయించింది. తర్వాత కరెంటు పోయింది. కరెంటు వచ్చాక కంప్యూటరు తనంతట తాను ఏదో సరిచేసుకోవడం మొదలుపెట్టి, ఎవరూ తనను ముట్టుకోవద్దని రాసి చూపించింది. ఎట్టకేలకు తెర మీద బొమ్మ కదిలింది. బొమ్మలో ఉన్నది సువార్తే. ఏడో తరగతికి భిన్నాలు చెబుతోంది. మాట మధ్యలో ఆపి, కుడివైపు చివర కూర్చున్న పిల్లవాడి వైపు తిరిగి, "ఏరా, పోయిందా? యాడ పోయింది నీకు?" అని అడిగింది. వాడు అప్పటికి నోరు కూడా మెదపలేదు. పోయిన మాట మాత్రం నిజమే. వాడి ముఖం చెప్పింది. హాల్లో టీచర్లు నవ్వారు. కొందరు ఎస్తేరు వైపు చూసి, మీ అక్కేగా అన్నట్టు తలాడించారు. ఎస్తేరు కూడా నవ్వింది.

భోజనాల వేళ ఫోను చేతికి వచ్చింది. సంగతి తెలిసి బయటికి పరుగెత్తబోతుంటే గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న హాజరు ఉద్యోగి అడ్డం వచ్చాడు.

"మేడం, వేలిముద్ర ఏసి పొండి. లేదంటే పొద్దున ఏసింది కూడా పోతాది."

"మా అక్క చచ్చిపోయింది బాబూ."

"అయ్యో" అన్నాడతను. నిజంగానే బాధపడ్డాడు. బాధపడుతూనే యంత్రాన్ని ఆమె ముందుకు జరిపాడు. కన్నీళ్ళు తుడుచుకున్న వేలు కావడం వల్ల యంత్రం దాన్ని పోల్చుకోలేదు. చెంగుతో ఒత్తుకుని మళ్ళీ పెట్టింది. పోల్చుకోలేదు. అతను లేచి తన జేబురుమాలు ఇచ్చాడు. వెనక ఇంకెవరో, "కొంచెం తొందరగా కానీయండమ్మా, అన్నం అయిపోతంది" అన్నారు. పచ్చ దీపం వెలిగేదాకా ఎస్తేరు అక్కడే నిలబడింది.

*

సువార్తకు ఒక విద్య ఉండేది. పాఠం వింటున్న పిల్ల ఏ మాట దగ్గర దారి తప్పిందో ఆ పిల్లకంటే ముందు ఆమెకు తెలిసేది. ఆ పేరు విని ఒక పరిశోధన కేంద్రం వాళ్ళు వచ్చారు. ఒక విద్యా సంవత్సరమంతా ఆమె నుదుటికి సన్నని పట్టీ కట్టి పాఠాలు చెప్పించారు. ఏ పిల్ల ముఖం చూసి ఎప్పుడు తల తిప్పింది, తిప్పే ముందు మెదడులో ఏం కదిలింది, అన్నీ ఆ పట్టీ పట్టుకుంది. తర్వాత అలాంటి పట్టీనే ఇంకో టీచరుకు కట్టి తరగతిలో నిలబెట్టారు. ఎక్కడ సువార్త తల తిప్పేదో అక్కడ ఆ టీచరు కణత వెచ్చబడింది, మెడ దానంతట అదే తిరిగింది, తప్పిపోయిన పిల్ల కళ్ళకు కట్టినట్టు కనిపించింది. కొన్ని వారాలు అలా పాఠం చెబితే చాలు. ఆ తర్వాత పట్టీ తీసేసినా అలవాటు మనిషిలోనే ఉండిపోతుంది, ఈత నేర్చినవాడికి ఈత ఉండిపోయినట్టు. కేంద్రం వాళ్ళు అన్నిటికంటే గర్వంగా చెప్పుకునేది ఈ మాటే.

దీనికి దృష్టి శిక్షణ అని పేరు పెట్టి, ఉపాధ్యాయులందరికీ తప్పనిసరి చేశారు. మొదటి దశ హాల్లో కూర్చుని చూడటం. రెండో దశ పట్టీ కట్టుకోవడం.

సువార్త నలభయ్యో రోజు ప్రార్థన కూడా కాకముందే ఎస్తేరు ఫోనుకి సందేశాలు మొదలయ్యాయి. మీ రెండో దశ పెండింగ్‌లో ఉంది. మీ రెండో దశ ఇంకా పెండింగ్‌లోనే ఉంది. అభినందనలు, మీ రెండో దశ పెండింగ్‌లో ఉంది. హెడ్మాస్టరు కూడా మొహమాటంగా దగ్గరికి వచ్చాడు.

"మీ ఒక్కరి వల్ల మన మండలం పటంలో ఎర్రగా కనపడతా ఉందమ్మా. పైనుంచి రోజూ ఫోన్లు."

సోషల్ చెప్పే గురవయ్య మాస్టారు పక్కనుంచి అందుకున్నాడు. "ఎర్రగా ఉంటే ఉండనీండి సార్. మన మండలం ఎండలకి ఎప్పుడు పచ్చగా ఉండింది గనక?"

హెడ్మాస్టరు నవ్వలేదు. ఎస్తేరు వెళ్ళి పట్టీ కట్టించుకుని వచ్చింది.

మొదటిరోజు ఏడో తరగతిలో పూర్ణసంఖ్యలు చెబుతుంటే కుడి కణత మీద వేలు పెట్టినట్టు వెచ్చగా తగిలింది. తల కిటికీ వైపు తిరిగింది. శ్రీకర్ అనే పిల్లవాడు పుస్తకంలోకే చూస్తున్నాడు. కాని వాడు లేడక్కడ. "పోయిందా?" అంది ఎస్తేరు. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో ఆ మాట ఆమె ఎన్నడూ వాడలేదు. చిన్నప్పుడు జడ వేసేటప్పుడు సువార్త గడ్డం పట్టుకుని తల ఇటు తిప్పేది, అటు తిప్పేది. కదిలితే నెత్తిన దువ్వెనతో ఒకటి వేసేది. ఇది సరిగ్గా ఆ చెయ్యే. ఇంటికి పోయేటప్పుడు బస్సులో కిటికీ వైపు ముఖం పెట్టుకుని ఏడ్చింది. సమాధి దగ్గర కూడా అంత కడుపునిండా ఏడవలేదు.

గడువు అయ్యాక పట్టీ వెనక్కి ఇచ్చేసింది. చెయ్యి మాత్రం ఉండిపోయింది. రోజూ బడికి పోవడానికి అదొక కారణమైంది. మీ శిక్షణానుభవానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని ఫోను అడిగితే, ఎప్పుడూ విసుక్కునే మనిషి, ఉన్నవన్నీ ఇచ్చేసింది.

*

మూడు నెలల పరీక్షలు అయ్యాక ఒక పొద్దున గాజుల బుట్ట నెత్తిన పెట్టుకుని ఖాసింబీ బడికి వచ్చింది. ఊళ్ళు తిరిగి గాజులమ్ముకునే మనిషి. కూతురు మస్తాన్‌బీ ఏడో తరగతి. వరండాలో బుట్ట దించి, చెంగుతో ముఖం తుడుచుకుని, నిలబడే అడిగింది.

"టీచరమ్మా, మా పిల్ల మీకేమన్నా ఎదురు జెప్పిందా?"

"లేదే. ఎందుకలా అడుగుతున్నావు?"

"మరి దాన్ని ఎందుకు పలకరించరు? రెణ్ణెల్ల కిందటి దాకా మా టీచరు ఇట్టంది, మా టీచరు అట్టంది అని నా బుర్ర తినేది. ఇప్పుడు బడి మాటెత్తితే గోడకు తిరిగి పడుకుంటాది. లెక్క అర్థం గాలేదని చెయ్యెత్తి ఎత్తి దించేసిందంట. గాజులు గలగలలాడించినా చూడదమ్మా అంటాది. నేను గాజులమ్మేదాన్ని, నాకు తెలవదా, గలగలమంటే ముసిలోళ్ళు గూడా తిరిగి చూస్తారు!"

"అలా ఏం లేదు ఖాసింబీ. మస్తాన్‌బీ చక్కగా..." అని ఎస్తేరు ఆగిపోయింది. మస్తాన్‌బీ చక్కగా ఏం చేస్తుందో చెప్పబోయింది. ఏమీ తోచలేదు. పోనీ ఎక్కడ కూర్చుంటుందో చెబుదామంటే అదీ తోచలేదు.

"చూసినారా? మాటలు కూడా రావడం లేదు మీకు" అంది ఖాసింబీ. కోపంగా అనలేదు. బుట్ట నెత్తికెత్తుకోవడానికి సాయం పట్టమని ఎస్తేరునే అడిగి, పట్టించుకుని వెళ్ళిపోయింది.

ఆ పూట ఎస్తేరు తరగతిలో మస్తాన్‌బీ కోసం వెతికింది. తన సొంత తరగతిలో, తను పేరు పెట్టి హాజరు పిలిచే పిల్ల కోసం వెతకాల్సి వచ్చింది. ఆ బళ్ళో అబ్బాయిలు కిటికీ వైపు, అమ్మాయిలు తలుపు వైపు. గంట కొట్టగానే అమ్మాయిలు ముందు బయటపడాలని ఎప్పుడో ఏ హెడ్మాస్టరో పెట్టిన పద్ధతి. మండలంలో ఏ బడికి పోయినా అంతే. పిల్లలకు ఎదురుగా నిలబడిన టీచరుకు తలుపు ఎడమవైపు వస్తుంది. ఎస్తేరు పనిగట్టుకుని ఎడమవైపు చూసింది. పిల్లలున్నారు. ముఖాలున్నాయి. కాని చూపు అక్కడ నిలవడం లేదు, చెమ్మ గోడ మీద సున్నం నిలవనట్టు. ఒక ముఖం మీద ఆపి ఉంచితే కళ్ళు లాగాయి. మెడ దాని పని అది చేసుకుపోయి కిటికీ వైపు తిరిగింది.

పరీక్ష పేపర్లు బయటికి తీసి తలుపు వైపు పిల్లలవి ఒక కట్ట, కిటికీ వైపు పిల్లలవి ఒక కట్ట చేసింది. చూడక్కర్లేకుండానే తెలిసిపోయింది. అయినా చూసింది. ఎనిమిదో తరగతివీ అంతే. తొమ్మిదో తరగతివీ అంతే.

స్టాఫ్ రూములో గురవయ్య మాస్టారు టీ ఊదుకుంటూ విన్నాడు. ఆయన కూడా పట్టీ కట్టించుకున్నవాడే. అంతకుముందు పాఠం చెబుతూ చెబుతూ తనే కునికేవాడు. ఇప్పుడు పిల్లలు కునికితే పట్టుకుంటున్నాడని పేరు వచ్చింది.

"ఎడంపక్కనా?" అన్నాడు. "నేనింకా నా మెడే పట్టేసిందనుకుంటున్నా అమ్మా. మా ఇంట్లో ఆవిడ ఎడంపక్క కూర్చుని ఏమన్నా అడిగితే నాకు మనిషి అక్కడున్నట్టే ఉండదు. మొన్న పెద్ద గొడవ. ఈ శిక్షణలో నాకు జరిగిన మేలు అదొక్కటే అనుకున్నా."

మిగతావాళ్ళు నవ్వారు. తర్వాత హిందీ పండిట్ నవ్వు ఆపేసి, తన అరచెయ్యి ఎడమ కంటి పక్కగా పైకెత్తి చూసుకుంది. "నాక్కూడా" అంది.

ఎస్తేరు టీ గ్లాసు కింద పెట్టింది. మెడ పట్టడం కాదు. కళ్ళ జబ్బు కాదు. ఆ బళ్ళో ఈ సంగతికి అర్థం తెలిసిన మనిషి తనొక్కతే. సువార్తకు చిన్నప్పుడు ఎడమ చెవిలో చీము పట్టింది. అమ్మ కాచిన నూనె పోసింది, ఎవరో చెబితే ఏదో ఆకు పసరు పోసింది. ఆ చెవి మళ్ళీ వినపడలేదు.

*

యాకోబు ఆర్టీసీలో కండక్టరుగా చేసి మానుకున్నాడు. ఆదివారం గుడి అయ్యాక ఎస్తేరు వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు తుంపుతున్నాడు. ఆయన చేతికి ఆ పని కొత్త.

"బావా, అక్క చెవి సంగతి పట్టీ వాళ్ళకు తెలుసా?"

"వాళ్ళకెట్టా తెలుస్తాది? నీకు తెలుసు, నాకు తెలుసు. మీ అమ్మకు తెలుసు, ఆమె పాయె. ఉద్యోగానికి డాక్టరు పరీక్ష చేసిన్నాడు కూడా కుడిచెవి ఆయనకిచ్చి గట్టెక్కింది."

ఆయన పెళ్ళయిన రోజునుంచీ ఆమెకు కుడిపక్కనే నడిచాడు. భార్య భర్తకు ఎడమపక్కన ఉండటం ఆచారమే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఎస్తేరు నెమ్మదిగా అంతా చెప్పింది. సువార్త ఎడమవైపు నుంచి గుసగుస వినలేదు, సణుగుడు వినలేదు, పిల్ల ఊపిరి పీల్చుకోవడం వినలేదు. అందుకే ఆ వైపు తప్పిపోయినవాళ్ళను కనిపెట్టే పని ఆమె మెదడు ఎన్నడో మానేసింది. అయినా ఆమె తరగతిలో ఎవరూ చెడలేదు. ఎందుకంటే ప్రతి జూన్‌లోనూ ఆమె పిల్లల్ని లేపి చోట్లు మార్చేది. తెలియకపోతే లేచి గట్టిగా అడిగేవాళ్ళు ఎడమవైపు. నోరు పెగలనివాళ్ళు కుడివైపు, తన మంచి చెవి పక్కన. అబ్బాయిలు అమ్మాయిలు అని చూసేది కాదు. అందుకు మాటలు కూడా పడింది. ఎడమవైపు కూర్చున్న పిల్ల ఎవరైనా నాలుగు రోజులు గమ్మున ఉంటే మర్నాడు కుడివైపు ఉండేది. ఎస్తేరు మొదటి ఉద్యోగం అక్క బళ్ళోనే. ఆ మార్పిళ్ళన్నీ కళ్ళారా చూసింది.

"పట్టీ ఆమె చూపును తీసుకుంది బావా. పిల్లల్ని లేపి మార్చింది తీసుకోలేదు. ఇప్పుడు ఏ బడి చూసినా ఎడమవైపు ఆడపిల్లలే."

యాకోబు ఇంకో చిక్కుడుకాయ ఈనె తీశాడు.

"చెవికి మిషను పెట్టుకో సువార్తా అని ఎన్నిసార్లు మొత్తుకున్నానో నీకు తెలవదు. పిల్లలు నా చెవి వంకే చూస్తారు, బోర్డు వంక చూడరు అనేది. బతికినన్నాళ్ళు దాచుకుంది. ఆ శిక్షణ హాలుకు దాని పేరు పెట్టినారు, దండేసిన ఫోటో పెట్టినారు. ఇప్పుడు నువ్వు పోయి, మా అక్క చెవిటిది అని మైకులో చెప్తావా?"

"అక్కే ఉంటే ఏం చేసేదంటావు?"

"అది ఉంటే మాటలేడ ఉండేవి? ఆ పిల్ల రెక్క పట్టుకుని లేపి కుడిపక్కన కూర్చోబెట్టేది." ఆయన పళ్ళెం తీసుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "చెప్పుకో పో. నన్ను మాత్రం ఆ హాలుకు పిలవాకు."

*

చెప్పడం అనుకున్నంత సులువు కాలేదు. ఫిర్యాదులకు ఫోనులో ఒక చోటు ఉంది. పట్టీ బిగుతుగా ఉందా, వదులుగా ఉందా, దురద పెడుతోందా అని అడిగింది. ఇతరములు అని నొక్కితే, ఫిర్యాదు చేయడంపై శిక్షణ పూర్తి చేసినవారికి మాత్రమే ఈ సదుపాయం అని చెప్పింది. ఎస్తేరు ఆ శిక్షణ కూడా చేసింది. ఫిర్యాదును సానుకూల ధోరణిలో చెప్పడం ఎలా అని ఒకాయన వీడియోలో చాలాసేపు చెప్పాడు. చివర ప్రశ్నలకు జవాబులు రాస్తే ధ్రువపత్రం వచ్చింది. ఫిర్యాదు మాత్రం వెళ్ళలేదు. సర్వర్ బిజీగా ఉంది.

సెలవు పెట్టి, బస్సెక్కి కేంద్రానికే వెళ్ళింది. పట్టీ తయారుచేసిన డాక్టర్ వకుళ ఆమెను చూడగానే లేచి వచ్చి చేతులు పట్టుకుంది. ఏడాది పాటు సువార్త తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని ఆమె పాఠాలు విన్న మనిషి.

ప్రయోగశాలలో ఒక పెద్ద తెర మీద సువార్త తరగతి పటం ఉంది. బెంచీలు గీతల్లా ఉన్నాయి. ఆమె శ్రద్ధ పడినచోటల్లా నారింజ రంగు వెలుగు. కుడివైపంతా పొయ్యిలో నిప్పుల్లా ఉంది. ఎడమవైపు బూడిద.

"ఈ చీకటి మీకు కనపడలేదా మేడం?"

"కనపడింది టీచర్‌గారూ. అక్కడి పిల్లల మార్కులు చూశాం. అందరూ బాగా చదివేవాళ్ళే. అవసరం లేనిచోట ఆమె శ్రద్ధ ఖర్చు పెట్టడం లేదు, అది అనుభవం వల్ల వచ్చిన నేర్పు అనుకున్నాం. దాని మీద ఒక పాఠమే తయారుచేశాం."

ఎస్తేరుకు ఆ పాఠం గుర్తుంది. చూపును పొదుపు చేయడం. దాని మీద పెట్టిన పరీక్షలో తనకు మంచి మార్కులే వచ్చాయి.

"మా అక్కకు ఎడమ చెవి వినపడదు."

వకుళ తెర వైపు చూసింది. మళ్ళీ ఎస్తేరును చూసింది. కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "ఏడాదంతా ఆమెతో ఉన్నాను. చోట్లు ఎందుకు మారుస్తారని అడిగితే గాలి వెలుతురు కోసం అన్నారు. ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెప్పి ఉంటే ఆమెనే ఎంపిక చేసేవాళ్ళా?"

"చేసేవాళ్ళం కాదు" అంది వకుళ.

"ఇప్పుడు దీన్ని తీసేయడం ఎలా?"

"కొత్తవాళ్ళకు కట్టకుండా ఆపడమైతే ఉంది. కట్టినవాళ్ళలోంచి తీసే దారి లేదు. పోకుండా ఉండాలనే కదా అంత కష్టపడ్డాం. దాని మీద ఇంకొకరి చూపు వేయొచ్చు. రెండూ కలిస్తే మనిషికి ఏమవుతుందో నాకు తెలియదు. తెలియకుండా ఇంకోసారి చేయలేను."

ఆమె తన పై అధికారికి ఫోను చేసింది. ఆయన విన్నాడు. అరగంటలో పరిష్కారం సర్క్యులర్ రూపంలో తయారై వచ్చింది. చదువులో వెనుకబడిన విద్యార్థులను గుర్తించి, ఉపాధ్యాయుని కుడివైపున కూర్చోబెట్టవలెను. దీనిపై ఒక గంట ఆన్‌లైన్ శిక్షణ, ధ్రువపత్రం కలవు.

ఎస్తేరు రెండుసార్లు చదివింది. గొంతు పెంచే అలవాటు లేని మనిషి. "ఎడమవైపు ఎవరు వెనకబడ్డారో కనపడనివాళ్ళను పట్టుకుని, వెనకబడ్డవాళ్ళను వెతికి మార్చమంటున్నారా? ఎవరు వెతుకుతారు మేడం? నేను రోజూ చూస్తున్నాను. నా కళ్ళతో నేను చూస్తున్నాను, నాకు కనపడటం లేదు."

"నాకర్థమైంది. ఆయనకు కాలేదు. నేను చెబితే అది యంత్రంలో తప్పేమో అన్న అనుమానమే అవుతుంది, దాన్ని పరిశీలనకు పెడతారు. ఈలోగా సోమవారం కొత్త బ్యాచ్‌కు పట్టీలు కట్టేస్తారు." వకుళ ఆగింది. "సోమవారం ప్రారంభ సభలో సువార్తగారి చెల్లెలిగా మాట్లాడమని మిమ్మల్నే పిలిచారు కదా."

పిలిచారు. రానని చెబుదామనుకుంటోంది ఎస్తేరు.

*

సువార్త పేరు పెట్టిన హాలు నిండిపోయింది. బల్లల మీద ఒక్కో టీచరు ముందు ఒక్కో డబ్బా, డబ్బాలో పట్టీ. వేదిక మీద ఫోటో, దానికి తాజా బంతిపూల దండ. ఫోటోలో సువార్త కొంచెం ఎడమకు తిరిగి, కుడి చెవి మనుషులకు ఇచ్చి ఉంది. ఆమె ఫోటోలన్నీ అంతే.

ఎస్తేరు మైకు దగ్గరకు వచ్చింది. కాగితం ఏమీ తెచ్చుకోలేదు.

"మా అక్క గొప్ప టీచరని మీకు చెప్పారు. అది నిజమే. ఆమెకు ఎడమ చెవి వినపడదు. ఇది మీకు ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఆమె ఎవరికీ చెప్పలేదు. దానికి తగ్గట్టు ఆమె పిల్లల్ని మార్చి మార్చి కూర్చోబెట్టుకునేది. ఈ పట్టీకి ఆ సంగతి తెలియదు. నేను కట్టించుకున్నాను. అప్పటినుంచి నా తరగతిలో తలుపు వైపు వరస నా కంటికి ఆనడం లేదు. పట్టీ తీసినా ఆనడం లేదు. మీ బడుల్లో ఆ వైపు ఎవరు కూర్చుంటారో మీకు తెలుసు. కట్టుకునే ముందు ఒకసారి ఆలోచించుకోండి."

అంతే చెప్పింది. మాట అయిపోయాక ఇంకేదో మిగిలి ఉన్నట్టు మైకు దగ్గరే నిలబడింది. ఇంతకాలం తనకూ బావకూ మధ్య ఉన్న మాట ఇప్పుడు హాలంతా ఉంది.

మధ్య వరసలోంచి ఒకాయన లేచాడు.

"మేడం, అయితే ఇయ్యాల్టి హాజరు సంగతేంది?"

"సర్టిఫికెట్ లేకపోతే ఇంక్రిమెంటు ఆపుతామన్నారు గదా?" అని ఇంకొకరు.

"అసలు లింకు పన్నెండుకు మూసుకుపోతాదండీ, ఏదో ఒకటి తొందరగా తేల్చండి!"

"సారూ, నువ్వు గూచ్చో. ఆమె ఏం చెప్తంది, నువ్వేం అడుగుతుండావు?" అని వెనకనుంచి ఒకావిడ కసిరింది. ఆవిడ తన ముందున్న డబ్బాకు మూత పెట్టి, బల్ల చివరికి తోసేసింది. పక్కావిడ కూడా మూత పెట్టింది. అలా కొన్ని బల్లలు. కొందరు లింకు మూసుకుపోతుందన్న భయంతో అప్పటికే పట్టీలు కట్టేసుకున్నారు. వాళ్ళు చేతులు నుదుటికి పెట్టుకుని, తీయాలా ఉంచాలా అన్నట్టు అటూ ఇటూ చూశారు.

వకుళ వేదికెక్కి ఈ బ్యాచ్ వాయిదా అని ప్రకటించింది. ఆ మాట పూర్తికాకముందే ఆమె ఫోను మోగింది. ఎవరో ఆమెకు తెలుసు కాబట్టి తీయలేదు.

గుమ్మం దగ్గర హాజరు ఉద్యోగి ఎస్తేరును చూసి లేచి నిలబడ్డాడు. ఈసారి యంత్రం ముందుకు జరపలేదు. ఆమె దాన్ని దాటి వెళ్ళిపోయింది.

*

వాయిదా రెండు వారాలు నిలబడింది. తర్వాత పరిశీలన సంఘం వేశారు. సంఘంలో ఉన్నవాళ్ళకు ముందుగా దృష్టి శిక్షణ మీద అవగాహన కల్పించాలని శిక్షణ పెట్టారు. వకుళను వేరే పనికి మార్చారు. ఆమె అప్పుడప్పుడు ఎస్తేరుకు ఫోను చేస్తుంది. చెప్పడానికి ఏమీ లేకపోయినా చేస్తుంది.

యాకోబు ఆ సభ సంగతి ఎత్తలేదు. ఒక ఆదివారం మాత్రం, "ఎవరో టీచరు మన ఊరొచ్చి సమాధి ఎక్కడని అడిగినారు. ఆయనకు కూడా ఒక చెవి వినపడదంట. కాసేపు కూర్చుని పోయినాడు" అన్నాడు. అని, ఎస్తేరు పళ్ళెంలో ఇంకో గరిటె కూర వేశాడు.

బళ్ళో ఎస్తేరు ఏడో తరగతి గది వెనక గోడకు నల్లరంగు వేయించింది. పీరియడు సగం అయ్యాక సుద్దముక్క పట్టుకుని వెనక్కి నడుస్తుంది. పిల్లలు బెంచీల మీద వెనక్కి తిరిగి కూర్చుంటారు. అటునుంచి నిలబడి చూస్తే తలుపు వైపు వరస ఆమెకు కుడివైపు వస్తుంది.

"ఇదేం పాఠం అమ్మా?" అన్నాడు గురవయ్య మాస్టారు గుమ్మంలోంచి తొంగి చూసి. "మా ఊరి వైపు నాటకాల్లో కూడా ఇన్నిసార్లు రంగం మార్చరు." మూడు రోజులు పోయాక ఆయన ఎనిమిదో తరగతి గది వెనక గోడకు నల్లరంగు ఎంత పడుతుందని అడిగాడు.

మొదటిసారి వెనక బోర్డు దగ్గర నిలబడినప్పుడు ఎస్తేరు కణత వెచ్చబడింది. తల తిరిగింది. తలుపు పక్కన, చివరి బెంచీలో మస్తాన్‌బీ ఉంది. కొంచెం చిక్కింది. ఎడమ చేతికి ఆకుపచ్చ గాజులు. పుస్తకం మూసి ఉంది. ఇన్ని నెలల తర్వాత ఆ ముఖం ఒక్కసారిగా అంత స్పష్టంగా కనపడింది.

"ఎప్పటినుంచి అర్థం కావడం లేదు మస్తాన్‌బీ?"

ఆ పిల్ల తనను కాదేమో అన్నట్టు పక్కకు చూసింది. తర్వాత లేచి నిలబడింది.

"హారాలు వేరేగా ఉంటే కూడమన్నారు కదా టీచర్, అప్పటి నించి. చాలాసార్లు చెయ్యెత్తినా. మీరు చూస్తా చూస్తానే అటు తిరిగేవాళ్ళు. నా మీద కోపం అనుకున్నా."

"కోపం కాదు."

"మరేంది?"

ఎస్తేరు చెప్పింది, ఏడో తరగతి పిల్లలకు అర్థమయ్యేలా. పిల్లలు ఆశ్చర్యపోలేదు. కిటికీ వైపు నుంచి శ్రీకర్, "అయితే టీచర్, మీరు అటునించి చెప్పేటప్పుడు మేం కనపడం కదా?" అని అడిగాడు. కనపడరని ఒప్పుకుంది. అప్పుడు అల్లరి చేయొచ్చన్నమాట అని ఎవరో అన్నారు. తరగతి నవ్వింది. మస్తాన్‌బీ కూడా నవ్వి, కూర్చుని, పుస్తకం తెరిచింది.

ముందు బోర్డు దగ్గర ఉన్నంతసేపూ తలుపు వైపు వరస ఎస్తేరుకు ఇప్పటికీ ఆనదు. ఆ గదికి రెండు బోర్డులున్నాయి. మండలంలో మిగతా బడుల్లో చాలా గదులకు ఒకటే. పట్టీ కట్టించుకున్నవాళ్ళకు ఎడమవైపును తిరిగి ఇచ్చే దారి ఎవరూ కనిపెట్టలేదు, సంఘం ఇంకా సమావేశం కాలేదు. మస్తాన్‌బీకి భిన్నాల కూడిక వచ్చింది. భాగహారం ఇంకా చెప్పాలి.